కుంపిణీవారి కొలువుకూటము: పదుగురి సొమ్మునకుఁ గావలి యెవరు?



మహాసభ జరుగు దినములలో మనము వినునవి పెక్కులు. పూర్వుల ప్రశస్తిని విందుము. విద్యాభివృద్ధిని గుఱించిన తీర్మానములను విందుము. వసతిగృహములకును విద్యార్థివేతనములకును జందాలు వ్రాయింతుము. కడపటి దినమున, భోజనములకు వేళ మీఱుచుండఁగా, కార్యదర్శిగారు లేచి జమాఖర్చుల పట్టికను జదువుదురు. అప్పటికి సభలో సగము కుర్చీలు ఖాళీగా నుండును. తక్కిన సగమువారు 'ఆమోదించితిమి' అందురు. ఆ యొక్క మాటతో నొక సంవత్సరపు బాధ్యత తీఱినదని యెంచి లేచిపోవుదుము. ఆ మాట యంత తేలికయైనది కాదనియు, దాని వెనుక నాలుగువందల యేండ్లకు మించిన చరిత్రము గలదనియు విన్నవించుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము.

నా బాల్యమున మా ప్రాంతమున నొక నిధి యుండెడిది. దాని పేరు చెప్పఁబనిలేదు. అది యిప్పుడు లేదు. దానిని నడపినవారు దొంగలు కారు. ఊరిలోఁ బెద్దమనుష్యులు, మాటమీఁద నిలుచువారని పేరొందినవారు. అందుచేతనే వారిని లెక్క యడుగుట యమర్యాదయని యందఱును దలఁచిరి. ఒకరి కవసరమై కొంత, మఱియొకరి మొగమాటమునకై కొంత, తిరిగి కట్టవచ్చునను ధీమాతోఁ గొంత తీసి, తుదకు పెట్టె ఖాళీయైన సంగతి వారికే యాలస్యముగాఁ దెలిసినది. మనుమరాలి పెండ్లికని సొమ్ము దాఁచుకొనిన యొక వృద్ధురాలు మా యరుఁగుమీఁదఁ గూర్చుండి మా తండ్రిగారితో ననిన మాట నేఁటికిని నా చెవులలో నున్నది. 'నాయనా, అంతటివారిని లెక్క యడుగుటకు నాకు నోరు రాకపోయెను. ఇప్పు డేడ్చుటకు మాత్రము వచ్చినది.'

ధనము పదుగురిదియుఁ, బెత్తనము కొందఱిదియు నైనచోట నెల్ల నీ చిక్కు గలదు. ఈ చిక్కును లోకమున మొట్టమొదట మిక్కిలి పెద్దయెత్తున నెదుర్కొనినవారిలో మన పెద్దలు 'కుంపిణీ'యని పిలిచిన ఈస్టిండియా కంపెనీవారు ముఖ్యులు. వారు మన దేశమును గెలిచిన కథ యందఱకును దెలిసినదే. ఆ కంపెనీ తన్నుఁదా నెట్లు పాలించుకొనెను, ఎచ్చటఁ జెడెను అను కథ యంతగాఁ దెలిసినది కాదు. మన బందరుతోఁ బ్రారంభమైన సంబంధమును బట్టి యది మనకుఁ బరాయికథయుఁ గాదు.

ఓడకొక మూలధనము

ఇంగ్లాండు రాణి యెలిజబెత్తు 1600వ సంవత్సరము డిసెంబరు 31వ తేదీన లండను వర్తకుల కొక సన్నదు నొసఁగెను. దానిచేత 200కుఁ బైఁబడిన వర్తకులును బ్రభువులును నొక్క సంఘముగా నేర్పడి, 15 సంవత్సరములపాటు తూర్పుదేశముల వర్తకమునకు గుత్తాధికారమును బడసిరి. వారు చేర్చిన మూలధనము 68 వేల పౌనులకుఁ గొంచెము మించినది. ఆ సంఘమునకు గవర్నరొకఁడు. అతనికిఁ దోడుగా 24 మంది 'కమిటీలు'. ఆ కాలమునఁ గమిటీ యనఁగా సభ కాదు, బాధ్యత నప్పగింపఁబడిన మనుష్యుఁడే. వీరందఱును సంవత్సర మొక్కమాఱు మహాసభలో నెన్నుకొనఁబడవలసినవారు. మొదటి గవర్నరు తామస్ స్మైత్.

తొలుదొలుత మూలధనము నిలుకడగలది కాదు. ఒక్కొక్క యాత్రకు వేఱువేఱుగాఁ జందాలు వేసికొని, ఓడలు తిరిగివచ్చిన పిమ్మట సరకు నమ్మి, అసలును లాభమును బంచుకొని యా లెక్కను మూసివేయుచుండిరి. ఇది చూచుటకు సులభమైన పద్ధతియే. కాని యొక యాత్రవారి గుమాస్తాలు మఱియొక యాత్రవారి గుమాస్తాలతో నొకే రేవునఁ బోటీపడి ధరలు పెంచుకొనుచు, నొకే సంఘమువారయ్యుఁ బగవారివలె వర్తించిరి. అందుచేత 1613 మొదలుకొని కొన్ని యాత్రలకుఁ గలిపి యుమ్మడి మూలధనము నేర్పఱచిరి. 1657లోఁ గ్రాంవెల్ కాలపు సన్నదుతో మూలధనము శాశ్వతమైనది. అప్పటినుండి సొమ్ము తిరిగి కావలసినవాఁడు కంపెనీ నడుగక, తన భాగమును వేఱొకని కమ్ముకొనవలసినదయ్యెను. ఈ మార్పు చిన్నది కాదు. యాత్ర ముగియఁగానే లెక్క తేలెడి దినములు పోయినవి. లెక్క యెన్నఁడును బూర్తిగా మూయఁబడని వ్యాపారములో, యజమానులు నడపువారిమీఁదఁ గన్ను వేయుట యెట్లు? తరువాతి కథ యంతయు నీ ప్రశ్నకు సమాధానమును వెదకుటయే.

ఒలందేజుల పద్ధతి

ఇదే కాలమున ఒలందేజులు 1602 మార్చి 20వ తేదీన తమ కంపెనీని స్థాపించిరి. వారి మూలధనము 64 లక్షల గిల్డరులకు మించినది. ఆరు పట్టణములలో నాఱు శాఖలు. వానిపైఁ బదునేడుగురు పెద్దలు. మూలధనములో సగమునకు మించిన భాగ మాంస్టర్‌డాం శాఖదే యైనను, దాని కిచ్చినవి 8 స్థానములే. జీలాండు శాఖకు 4; తక్కిన నాలుగు చిన్న శాఖల కొక్కొక్కటి; పదునేడవ స్థానము ఆంస్టర్‌డాము గాక యితరశాఖలకు వంతులవారీగాఁ జెందును. అనఁగా ధనవంతుఁడైన యన్న తానొక్కఁడే తీర్పు చెప్పుటకు వీలులేకుండఁ దమ్ములకు రక్షణ గల్పించిరి. ఉమ్మడి కుటుంబముల నెఱిఁగిన మన కీ యేర్పాటులోని వివేకము వెంటనే బోధపడును.

ఐనను వారి సన్నదులో నొక లోపము గలదు. పదియేండ్ల కొకమాఱు లెక్క చూపవలెనని యందున్నది. ఆ గడువు రాఁగానే 1612లో డైరెక్టర్లు లెక్కను జూపలేదు. ప్రభుత్వమును జూపుమని నిర్బంధింపలేదు. 1622లో షేరుదార్లు కరపత్రములు ప్రకటించి మొఱపెట్టిరి. 1623లో సన్నదు పునరుద్ధరింపఁబడినపుడు పెద్ద షేరుదార్లకుఁ గొంత పరిశీలనాధికారము లభించెనుగాని, సామాన్యునకు లెక్క యెన్నఁడును గానరాలేదు. రమారమి రెండువందల సంవత్సరములు బ్రతికిన యా కంపెనీ ఋణభారముతోఁ గ్రుంగి, 1799 డిసెంబరు 31వ తేదీతో నంతరించెను.

బందరు ఫ్యాక్టరీ: వ్రాఁతయే కన్ను

1611లో 'గ్లోబ్' అను నింగ్లీషు ఓడ పులికాటునకు వచ్చి, యచ్చట నొలందేజులచే నడ్డగింపఁబడి, పెదపల్లి యనఁబడు నిజాంపట్టణమునకును మచిలీబందరునకును వచ్చెను. గోలకొండ నేలుచున్నవాఁడు మహమ్మద్ కులీ కుతుబ్షాహి. సుగంధద్రవ్యముల దీవులలో మన నేఁతవస్త్రములకును నద్దకపు బట్టలకును మిక్కిలి గిరాకి యుండెను. ఇచ్చటి బట్టనిచ్చి యచ్చటి మిరియములను గొనుటయే యా దినములలో వారి వర్తకోపాయము. తరువాత వీరవాసరము, నరసాపురము చెంత మాధవాయపాలెము, 1682లో విశాఖపట్టణము వారి స్థావరములైనవి. మాధవాయపాలెము పేర 'మడపాలం' అను బట్ట సీమలో నేఁటికిని బిలువఁబడుచున్నది.

లండనునుండి బందరున కుత్తరము చేరుటకు నెలలు పట్టును. సమాధానము వచ్చుటకు సంవత్సరమునకు మించును. అంత దూరమునుండి సేవకులను శాసించుట కంపెనీవారు రెండు సాధనములతోఁ జేసిరి. మొదటిది సభ. ఏ ఫ్యాక్టరీలోను నొక్కని మాటయే చెల్లరాదు. పెద్దయును గౌన్సిలును గూడి, యధికసంఖ్యాకుల యభిప్రాయము ననుసరించి నడవవలెను. రెండవది వ్రాఁత. చర్చయు, నిర్ణయమును, భిన్నాభిప్రాయమునుగూడఁ 'గన్సల్టేషను' పుస్తకములలో వ్రాసి, ప్రతులను లండనునకుఁ బంపవలెను. సేవకులకు రైటరు, ఫ్యాక్టరు, జూనియరు మర్చంటు, సీనియరు మర్చంటు అను మెట్లుండెను. ఈ పుస్తకములు పెక్కు నేఁటికిని నిలిచియుండుటచేతనే మన తీరదేశచరిత్రములో నెన్నియో సంగతులు మనకుఁ దెలియుచున్నవి. కనులారఁ జూడలేని యజమానునకు వ్రాఁతయే కన్ను.

లెక్కలు చిక్కుపడినవని తెలిసి, కంపెనీవారు స్ట్రైన్‌షాం మాస్టరు అనునతని నియోగింపఁగా, నతఁడు 1676లో బందరునకును బెంగాలునకును బోయి, పద్దుపుస్తకముల పద్ధతులను సరిదిద్దెను. 1678లో మద్రాసు గవర్నరై, మరుసటి యేఁట మరల మన తీరమునఁ బర్యటించెను. ఇంత క్రమపాలకుఁడును 1681లో డైరెక్టర్ల యాగ్రహమునకుఁ బాత్రుఁడై పదవిని గోలుపోయెను. 1687లో గవర్నరైన యెలైహూ యేలు స్వంతవర్తకమును గుఱించిన యారోపణలతోను, గౌన్సిలుతోడి కలహములతోను 1692లోఁ దొలఁగింపఁబడెను. ఆయన పిమ్మట నిచ్చిన విరాళమునుబట్టియే యమెరికాలోని యేలు విద్యాలయమున కా పేరు గలిగినది.

ఇచ్చట మనము గమనింపవలసిన రహస్య మొకటి గలదు. 1744లో రాబర్టు క్లైవు మద్రాసునకు రైటరుగా వచ్చినపుడు వాని జీతము సంవత్సరమునకు 5 పౌనులు. ఆ జీతముతో నెవఁడును సముద్రములు దాఁటి రాఁడు. స్వంతవర్తకమునఁ దానే సంపాదించుకొనునని కంపెనీవారికిఁ దెలియును; తెలిసియు జీతము పెంపరు. నియమమును వ్రాసి, దాని నతిక్రమింపక బ్రతుకలేని స్థితిని గల్పించి, యతిక్రమించినవానిలోఁ దమకు నచ్చనివానినే శిక్షించుట నీతి కాదు. అట్టి చోట నియమమునకు విలువ యుండదు. శిక్షకును గౌరవ ముండదు.

రెండు కుంపిణీలు

పదునేడవ శతాబ్ది యంతమునఁ గంపెనీలో సర్ జోసయా చైల్డు ప్రాబల్యము మితిమీఱెను. షేరులు కొలఁదిమంది చేతులలోఁ జేరెను. 1695లోఁ బార్లమెంటు విచారింపఁగాఁ, గంపెనీ సొమ్ము 'ప్రత్యేకసేవ' యను పద్దుక్రింద లంచములకు వినియోగమైనట్లు తేలెను. లెక్క చెప్పనందుకు సర్ తామస్ కుక్ అను గవర్నరు లండను కోటలో బంధింపఁబడెను. పద్దు పేరు గంభీరముగను వివరము శూన్యముగను నుండినచో సందేహింపవలెనను పాఠ మిది.

పాతవారిమీఁది యసహ్యముతో 1698లోఁ గ్రొత్త కంపెనీ యొకటి వెలసెను. బందరులోఁ గ్రొత్త కంపెనీ పక్షమున జాన్ పిట్టును, మద్రాసులోఁ బాత కంపెనీ పక్షమునఁ దామస్ పిట్టును నిలిచిరి. ఇరువురును జ్ఞాతులే. ఒకరి యధికారము నొకరు గుర్తింపక ఘాటైన యుత్తరములు వ్రాసికొనిరి. 1702లో నొడంబడిక కుదిరి, 1709 నాఁటికి రెండు కంపెనీలును నొక్కటయ్యెను.

ఐక్యకంపెనీ నిర్మాణము బహుకాలము మాదిరిగా నిలిచినది. షేరుదార్ల సభ యొకటి. 500 పౌనుల భాగము గలవానికి నొక యోటు. ఎంత యధికమున్నను నొకటే. దానిక్రింద 24 మంది డైరెక్టర్లు, డైరెక్టరగుటకు 2,000 పౌనుల భాగము గావలెను, ఏటేట నెన్నిక. డైరెక్టర్లు ఉత్తరప్రత్యుత్తరములు, ఖజానా, లెక్కలు, గిడ్డంగులు, ఓడలు మున్నగు విషయములకు వేర్వేఱు కమిటీలుగా విడిపోయి పని చేయుచుండిరి. వర్తకముమట్టున కిది చక్కని యిల్లే.

వర్తకమునకుఁ గట్టిన యిల్లు రాజ్యమునకుఁ జాలలేదు

1765లో బెంగాలు దివానీ కంపెనీకి లభించెను. ఆ యేఁటనే చక్రవర్తి ఫర్మానావలనను, 1766లో నైజాముతోడి సంధివలనను ఉత్తరసర్కారులు వారి వశమయ్యెను. దివానీవలన సంవత్సరమునకు 16 లక్షల పౌనులకు మించి మిగులునని క్లైవు వ్రాసిన లేఖ లండనులో నాశల నగ్నివలె రగిల్చెను. 1766లో లాభాంశము నూటికి 6నుండి 10కిఁ బెంచిరి. మరుసటి యేఁట 12½ కావలెనని షేరుదార్లు తీర్మానించిరి. పార్లమెంటు దాని నాపి, తన వంతుగా సంవత్సరమునకు 4 లక్షల పౌనులను గోరెను.

ఇంతలో నెన్నికలు చెడెను. ఒక్కొక్కనికి నొక్కటే యోటు గదా యని, ధనవంతులు తమ భాగములను 500 పౌనుల ముక్కలుగా విడఁగొట్టి, స్నేహితుల పేరను సేవకుల పేరను వ్రాయించి, యెన్నిక కాఁగానే తిరిగి తీసికొనుచుండిరి. క్లైవు పక్షమును లారెన్సు సలివాన్ పక్షమును నీ విద్యలో నొకదాని నొకటి మించెను. చిన్నవానిని రక్షించుటకుఁ జేసిన నియమము పెద్దవాని చేతిలో సాధనమయ్యెను. 1767లోఁ బార్లమెంటు, ఆఱు నెలలు భాగమును జేతనుంచుకొనినవానికే యోటని శాసింపవలసివచ్చెను.

1770 నాఁటి బెంగాలు క్షామమున జనులు తండోపతండములుగా మరణించుచుండఁగాఁ గంపెనీవారు శిస్తు వసూలు నాపలేదు. మరుసటి యేఁటనే లాభాంశము మరల 12½కుఁ బెరిగెను. 1772లో ఖజానా వట్టిపోయెను. ఒకవంక సేవకులు కోట్లు గడించి సీమలో మేడలు గట్టుచుండఁగా, మఱియొకవంకఁ గంపెనీ ప్రభుత్వమునొద్ద 14 లక్షల పౌనుల యప్పునకుఁ జేయి సాఁచవలసివచ్చెను. సంపాదనముయొక్క యుద్దేశము మాఱినది. కావలి మాత్రము మాఱలేదు. బట్టల బేరము చూచుకొనుటకు నియమింపఁబడిన కమిటీ కోట్లకొలఁది ప్రజల పన్నులను, సేనలను, న్యాయస్థానములను జూడఁజాలునా?

సంస్కారములు, వానికి వెదకిన దారులు

1773 నాఁటి రెగ్యులేటింగు చట్టము డైరెక్టర్ల పదవీకాలమును నాలుగేండ్లకుఁ బెంచి, యేఁటికి ఆర్గురు చొప్పున దిగిపోవలెనని విధించెను. ఓటునకు 1,000 పౌనులు గావలెను. 3,000 గలవానికి 2, 6,000 గలవానికి 3, 10,000 గలవానికి 4 ఓట్లు. అధికారము నిలువనీరు గాకుండఁ జేయుటయే దిగిపోవు నియమపు టుద్దేశము. జరిగిన దేమనఁగా, దిగిపోయిన యార్గురును నొక సంవత్సరము విశ్రమించి, తిరిగి లోపలివారు తయారుచేసిన జాబితాలో నెక్కుచుండిరి. 24 మంది లోపల, 6గురు వెలుపల. మొత్తము 30 మంది పాలనమే. అక్షరము నిలిచినది, ప్రాణము పోయినది.

ఇదే చట్టము కలకత్తాలో గవర్నరు జనరలును నలుగురు సభ్యులును సంఖ్యాధిక్యమున నిర్ణయింపవలెనని చెప్పెను. ఫ్రాన్సిస్, క్లేవరింగు, మాన్సన్ మువ్వురొకవైపు. హేస్టింగ్సు, బార్వెల్ రెండవవైపు. 1776లో మాన్సన్ మరణించువఱకును గవర్నరు జనరలు తన కొలువులోఁ దానే యోడుచుండెను. 1780లో ఫ్రాన్సిసును హేస్టింగ్సును దుపాకులతో ద్వంద్వయుద్ధము సలిపిరి. మద్రాసులో మఱింత విపరీతము: 1776 ఆగస్టు 24వ తేదీన గవర్నరు పిగటు ప్రభువును దన కౌన్సిలువారే నిర్బంధించిరి, ఆయన యా నిర్బంధమునందే మరుసటి మేనెలలో మరణించెను. తంజావూరు వ్యవహారమును, దానితో ముడిపడిన యప్పుల కాగితములును నీ కలహమునకు మూలము.

తరువాత 1778లో గవర్నరుగా వచ్చిన సర్ తామస్ రంబోల్డు, సర్కారుజిల్లాలలోఁ దిరిగి భూముల స్థితిని విచారించుటకై యేర్పడిన సర్క్యూటు కమిటీని రద్దుచేసి, జమీందారులను మద్రాసునకే రమ్మని యాజ్ఞాపించెను. విచారణ పల్లెలనుండి తొలఁగి గవర్నరు ద్వారమునకుఁ జేరెను. డైరెక్టర్లు 1781లో నాయనను దొలఁగించిరి; పార్లమెంటులోఁ బ్రారంభమైన చర్య తుదిముట్టలేదు. తప్పొప్పు లెట్లున్నను, స్థలమునకుఁ బోయి చూచు కన్నును బొడిచివేసిన పిమ్మట మిగిలినది చెవి యొక్కటియే. దానికిఁ జేరునది దగ్గరివారి మాట మాత్రమే.

1784 నాఁటి పిట్టు చట్టము డైరెక్టర్లపై ప్రభుత్వపు బోర్డును నిలిపి, షేరుదార్ల సభకు గల తీర్పును మార్చు నధికారమును దగ్గించెను. 1813లో నిండియా వర్తకపు గుత్తయు, 1833 చట్టముతో సమస్తవర్తకమును బోయెను. వర్తకము లేని వర్తకకంపెనీకి లాభాంశ మెక్కడిది? 60 లక్షల పౌనుల మూలధనముమీఁద నూటికి 10½ చొప్పున, సంవత్సరమునకు 6,30,000 పౌనులు, మన దేశపు రైతుల శిస్తునుండి చెల్లింపవలసినదని చట్టము చేసిరి. 1858లో రాజ్యము రాణి వశమయ్యెను. 1874 జూన్ 1వ తేదీన, ప్రతి 100 పౌనుల భాగమునకు 200 పౌనులు చెల్లింపఁబడి, కంపెనీ సమాప్తమయ్యెను.

ఎవరికిఁ గుర్చీ లేదు?

ఈ కథలో నియమములకుఁ గొదవ లేదు. సభలు గలవు, ఓట్లు గలవు, కమిటీలు గలవు, పుస్తకములు గలవు. ఐనను జెడుట కేమి హేతువు? నాకుఁ దోఁచిన ముఖ్యకారణ మిది: లెక్క యడుగువాఁడును, లెక్క చెప్పువాఁడును నొకే లాభమునం దాశగలవారైరి. లాభాంశము హెచ్చుచున్నంతకాలము షేరుదారుఁ డేమియు నడుగఁడు. తగ్గిననాఁడు మాత్రమే గర్జించును. వీరవాసరపు సాలెవాఁడును, సర్కారుల రైతును, బెంగాలు క్షామమునఁ గన్నుమూసిన కూలివాఁడును నా కొలువుకూటమున నేమూలనైనను గూర్చుండలేదు. ఎవరి కష్టముమీఁద సంస్థ నిలిచినదో వారి గొంతు వినఁబడని పాలనము, ఎంత క్రమముగా వ్రాసికొనినను, న్యాయమైన పాలనము గానేరదు.

మన దక్షిణదేశమున నీ యాలోచన క్రొత్తది కాదు. కాంచీపురము చెంతనున్న యుత్తరమేరూరులో చోళరాజు మొదటి పరాంతకుని కాలమున, క్రీ.శ. 919, 921 సంవత్సరములలోఁ జెక్కించిన శాసనములు గలవు. 30 వాడలనుండి యర్హుల పేర్లు తాటియాకులపై వ్రాసి, కుండలో వేసి, బాలునిచేఁ దీయింపవలెను. వయస్సు 35కును 70కిని నడుమ నుండవలెను. గడచిన మూఁడేండ్లలోఁ బదవి చేసినవాఁడు పనికిరాఁడు. పదవి చేసి లెక్క చూపనివాఁడు పనికిరాఁడు. వాని దగ్గరి బంధువులును బనికిరారు. కుంపిణీవారు ఏడాది విశ్రమించి తిరిగి కుర్చీ యెక్కిన కథను దలఁచుకొనినచో, మూఁడేండ్ల విరామపు విలువ తేటపడును. లెక్క చూపనివాని బంధువులనుగూడ దూరముంచుట కఠినమే. కాని మన సమాజమున బంధుత్వమే లెక్క యడుగుట కడ్డమువచ్చు మొగమాట మని యా పెద్దలు గుర్తించిరి.

బందరునుండి హైదరాబాదు దాఁక

కంపెనీ యను సాధనము పరాయిదని మనవారు దానిని విడువలేదు. 'గ్లోబ్' ఓడ వచ్చిన యా బందరులోనే, 1923 నవంబరులో, డాక్టరు భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు లక్షరూపాయల వసూలైన మూలధనముతో నాంధ్రాబ్యాంకును స్థాపించిరి. అది 1980లో జాతీయమై, 2020 ఏప్రిల్ 1వ తేదీన యూనియన్ బ్యాంకులోఁ గలిసినది. సామాన్యుల చిన్న మొత్తములను జేర్చి పెద్దపనులు సాధింపవచ్చునని యది దాదాపు నూఱేండ్లు చూపినది.

ఇఁక రెండవ దృష్టాంతము దుఃఖకరము. హైదరాబాదులోని సత్యం కంప్యూటర్సు కంపెనీ డైరెక్టర్లు 2008 డిసెంబరులోఁ దమ యధ్యక్షుని కుటుంబమునకు సంబంధించిన సంస్థలను గొనుట కంగీకరించిరి. షేరుదార్లు మండిపడఁగాఁ గొన్ని గంటలలోనే విరమించిరి. 2009 జనవరి 7వ తేదీన నధ్యక్షుఁడు తన లేఖలో, పుస్తకములలోఁ జూపిన నగదులో 5,040 కోట్ల రూపాయలు లేనే లేవని యొప్పుకొనెను. ఆ కూటమున విద్యాధికులు లేకపోలేదు, ఆడిటర్లు లేకపోలేదు. అడుగవలసిన ప్రశ్నను దగినవేళ నడిగినవారు లేకపోయిరి. ఆ పిమ్మట వచ్చిన 2013 నాఁటి కంపెనీల చట్టము, షేరుబజారున నమోదైన కంపెనీలలో మూఁడవవంతునకుఁ దక్కువ గాకుండ స్వతంత్రడైరెక్టర్లుండవలెననియు, ఆడిటర్లను గడువుప్రకారము మార్చవలెననియు విధించినది. ఉత్తరమేరూరు శాసనపు టాలోచనయే వేయేండ్లకుఁ బైఁగా గడచినపిమ్మటఁ గ్రొత్తవేషమున వచ్చినట్లున్నది.

మన కర్తవ్యము

మన సంఘము కంపెనీ కాదు, లాభాంశము పంచదు. కాని మన వసతిగృహములోఁ జదువుకొను బాలిక భవిష్యత్తు, దూరదేశమున నుద్యోగము చేయుచు నెలనెలకుఁ జందా పంపు యువకుని నమ్మకము, తమ పొలములోని సెంటుభూమిని వ్రాసియిచ్చిన వృద్ధదంపతుల యాశయము మన చేతులలో నున్నవి. ఇవి లాభాంశమునకంటె విలువగలవి. అందుచేత సవినయముగా నాలుగు మనవులు చేయుచున్నాను.

జమాఖర్చుల పట్టిక సభ కడపటి దినమునఁ గాక, మొదటి దినమున, కుర్చీలు నిండియున్నపుడు చదువఁబడుఁ గాక. పదవి చేసినవారు తిరిగి నిలుచుటకు ముందు మూఁడేండ్లయినను విరామము తీసికొందురు గాక. లెక్క చూచువారు కార్యవర్గపు బంధువులు గాకుందురు గాక. వసతిగృహపు విద్యార్థుల తల్లిదండ్రులలో నొకరైనను వారిలో నుందురు గాక. 'ఇతరములు' అను పద్దుక్రిందఁ బెద్దమొత్తము వ్రాయఁబడినపుడు, దాని వివర మడుగువానిని మనము 'గొడవవాఁడు' అని పిలువకుందుము గాక.

ఈ నాలుగింటిలోఁ గడపటిదే మిక్కిలి కష్టము. నియమములు వ్రాయుట సులభము. కుంపిణీవారు మనకంటె నెక్కువ వ్రాసిరి. తన పెద్దను గౌరవించుచునే లెక్క యడుగుటయు, అడిగినవానిపైఁ గోపింపక యాదరముతో లెక్క చెప్పుటయు నభ్యాసముచేత మాత్రమే వచ్చును. లెక్క యడుగుట యవిశ్వాసము గాదు, విశ్వాసమును నిలుపు నుపాయము. మా యరుఁగుమీఁది యా వృద్ధురాలికి నాఁడు రాని నోరు మన మహాసభలోఁ బ్రతి సభ్యునకును వచ్చునట్లు చేయుటయే, మన పెద్దలకు మనము చేయఁదగిన నిజమైన గౌరవము.

స్వస్తి.